హైదరాబాదు పోలీసు ఫుట్‌బాలు జట్టు

మన భీమునిపట్నమున గోస్తనీనది సముద్రమును చేరు చోట, తీరపు ఇసుకపై సాయంకాలవేళ బంతి వెంట పరుగెత్తు బాలురను చూడనివారు లేరు. వారిలో నొకనిని పిలిచి, లోకమున పేరుగన్న ఫుట్‌బాలు ఆటగాండ్రెవరని యడిగినచో, తడుముకొనక దూరదేశములవారి పేర్లు పది చెప్పును. మన దేశమువారి పేర్లు చెప్పుమన్నచో ఒకటి రెండు చెప్పి యాగును. తెలుగునాట పెరిగిన యొక జట్టు 1950వ సంవత్సరము మొదలుకొని పదునాలుగేండ్లపాటు భారతదేశపు గొప్ప జట్లతో తలపడి పెక్కు కప్పులు గెలిచెననియు, ఆ జట్టువారు ఒలింపిక్ క్రీడలలో మన దేశము పక్షమున ఆడిరనియు ఎరిగిన బాలురు మిక్కిలి అరుదు. అది హైదరాబాదు నగర పోలీసు జట్టు. ఆ జట్టువారి ప్రజ్ఞ యెట్టిదో, అది వారికెట్లు అలవడెనో, పిదప నెట్లు క్షీణించెనో ఈ వ్యాసమున చదువరులకు విన్నవించుచున్నాము.

ఒక ఊరి జట్టులోని పాత ఆటగాండ్రను తలచుకొనుట చిన్న పని యని కొందఱు తలంపవచ్చును. ఐర్లండుదేశమువారు అట్లు తలంపరు. అచ్చట గేలిక్ ఫుట్‌బాలు అను దేశీయక్రీడ యొకటి గలదు. పక్షమునకు పదునైదుగురు చొప్పున నిలిచి, బంతిని కాలితోడను చేతితోడను ఆడుదురు. ఇట్టి క్రీడలను కాపాడుటకై 1884వ సంవత్సరమున థర్లెస్ అను పట్టణమున ఒక సంఘము ఏర్పడెను. నాటినుండి ఒక్కొక్క చర్చి పరిధిలోని ఊళ్లకు, అనగా ఒక్కొక్క విచారణకు, ఒక్కొక్క జట్టు చొప్పున దేశమంతట జట్లు వెలసినవి. ఆటగాండ్రకు జీతము లేదు. పొలములోనో దుకాణములోనో పని చేసికొని, ఆటదినమున తన ఊరి రంగు చొక్కా తొడిగికొని వచ్చి ఆడుదురు. ఇన్నేండ్లును ఆ జట్లు నిలిచియుండుటకు ధనము కారణము కాదు. తాత యాడిన జట్టులో మనుమడును ఆడవలెనను కోరికయే కారణము. ఆ కోరిక కలుగవలెనన్న తాత యాడెనని మనుమనికి తెలిసియుండవలెను గదా!

మనకును అట్టి జ్ఞాపకము కొంత లేకపోలేదు. వీరఘట్టమున జన్మించి విజయనగరమున పెరిగిన మల్లయోధుడు కోడి రామమూర్తినాయుడుగారి పేరు మన ప్రాంతమున వినని యిల్లు లేదు. శ్రీకాకుళమునందలి క్రీడారంగమునకు వారి పేరే పెట్టిరి. అది యుచితమైన గౌరవము. అయితే ఒంటరివాని బలము కథగా చెప్పుటకు సులభము, విన్నవాడు మఱచిపోడు. పదునొకండుగురు కలిసి చేసిన పని అట్లు కథకు లొంగదు. ఒకడు బంతి నందుకొని మఱియొకనికిచ్చెను, అతడు వేఱొకనికిచ్చెను, కడపట నొకడు గోలు చేసెను. చెప్పువారు ఆ కడపటివాని పేరే చెప్పుదురు. హైదరాబాదు జట్టు గొప్పతనమంతయు ఆ నడుమ ఇచ్చిపుచ్చుకొనుటలోనే యున్నది. కావుననే వారి పేర్లు త్వరగా మరుగున పడినవి.

ఇక ఆ జట్టు సంగతి. నిజాము పరిపాలనకాలమున సికింద్రాబాదునందు ఇంగ్లీషు పటాలములు విడిసియుండెడివి. వారి ఆట చూచి నగరములోని కుఱ్ఱవాండ్రు బంతియాట నేర్చిరి. బూట్లు కొనుటకు శక్తి లేనివారు వట్టి కాళ్లతోనే యాడిరి. పేటపేటను చిన్న జట్లు పుట్టినవి. పోలీసుశాఖవారు అట్టి జట్లనుండి నేర్పరులైన యువకులను ఏరి, ఉద్యోగములిచ్చి, తమ జట్టును కూర్చుకొనిరి. ఆ దినములలో ఆటవలన పొట్ట గడచుట కల్ల. నెలజీతము, తలదాచుకొన చోటు, ప్రతిదినము ఆడుటకు మైదానము దొరకుట పేదయింటి కుఱ్ఱవానికి గొప్ప భాగ్యము. ఆ జట్టు నిలుకడకు ఇది మొదటి కారణము.

1948వ సంవత్సరము సెప్టెంబరు నెలలో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరెను. పిమ్మట రెండేండ్లకే, అనగా 1950లో, ఈ పోలీసు జట్టు బొంబాయికి పోయి రోవర్సు కప్పును గెలిచెను. రోవర్సు పోటీలు 1891లో ఆరంభమైనవి. ఒక్కసారి గెలుచుటయే గొప్పయైన యా కప్పును ఈ జట్టు 1950, 1951, 1952, 1953, 1954 సంవత్సరములలో వరుసగా ఐదుమారులు గెలుచుకొనెను. 1888లో సిమ్లాయందు ఆరంభమై, పిదప ఢిల్లీకి మారిన డ్యూరాండు కప్పును గూడ, 1950వ సంవత్సరపు పోటీలో కలకత్తా మోహనబగాను జట్టును ఓడించి గెలిచెను. మరల 1954లోను, 1957లోను ఆ కప్పు హైదరాబాదునకే వచ్చెను. 1956లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అవతరించిన కొంతకాలమునకు ఆ జట్టునకు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టని పేరు మారెను. ఆ క్రొత్త పేరుతో 1961లో మరల మోహనబగానునే ఓడించి డ్యూరాండు కప్పు నందుకొనెను. రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీ పోటీలలో హైదరాబాదు పక్షము వరుసగా 1956-57, 1957-58 సంవత్సరములలో గెలిచెను. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనను సామెతకు ఇంతకంటె మంచి నిదర్శన ముండబోదు.

ఈ విజయములకు మూలపురుషుడు ఒక బడిపంతులు. ఆయన సయ్యదు అబ్దుల్ రహీము గారు. 1909వ సంవత్సరమున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, నగరములోని పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పని చేసిరి. వ్యాయామవిద్యయందు ప్రత్యేకముగా శిక్షణ పొందిరి. స్వయముగా ఆటగాడు. 1943వ సంవత్సరమునుండి హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా నుండిరి. 1950 మొదలు పోలీసు జట్టునకు శిక్షకులైరి. పిల్లలకు పాఠము చెప్పిన చేతితోనే పెద్దలకు ఆట చెప్పిరి. పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయుడు ఎట్లు బలహీనుడైన విద్యార్థిని కనిపెట్టి అతని లోపమును సరిచేయునో, అట్లే మైదానమునందు ఒక్కొక్కని లోపమును కనిపెట్టి సరిచేయుట వారి పద్ధతి.

ఆ పద్ధతిని కొంచెము వివరింతుము. మన బాలురకు ఇది పనికివచ్చును. బంతి యందుకొనినవాడు దానిని కాళ్లసందున త్రిప్పుకొనుచు ఎదిరివారిని ఒక్కొక్కరిని తప్పించుకొని పోవుటను ఆటగాండ్రు డ్రిబ్లింగు అందురు. చూచుటకది మిక్కిలి సొగసుగా నుండును; చూపరులు చప్పట్లు చఱతురు. కాని అతడట్లు త్రిప్పుచున్నంతసేపు ఎదిరిపక్షమువారు తమ స్థానములకు చేరుకొందురు, ఖాళీచోట్లు మూసికొనిపోవును. ఎంతటి పరుగుకాడైనను బంతికంటె వేగముగా పరుగెత్తజాలడు. కావున తాను బంతితో పరుగెత్తుటకంటె బంతినే పరుగెత్తించుట మేలు. బంతి నిచ్చినవాడు వెంటనే మఱియొక ఖాళీచోటికి పోయి నిలిచినచో, ఇచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు, మూడవవాడు కలిసి త్రికోణమగును. ఆ త్రికోణము ముందునకు జరుగుచుండ, ఎదిరివాడు ఎవనిని పట్టుకొనవలెనో తెలియక దిగ్భ్రమ చెందును.

రహీము గారు ఈ సూత్రమును నోటిమాటతో విడువలేదు. డ్రిబ్లింగు నిషేధించి ప్రత్యేకముగా పోటీలు పెట్టించిరి. అందు బంతిని త్రిప్పుకొనరాదు, వెంటనే తోడివానికి ఇచ్చివేయవలెను. మఱియు బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు వేఱుగ పెట్టించిరి. కుడికాలివాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను బంతిని తన్నవలెను. పొట్టి బాలురు పొడగరుల నడుమ నలిగిపోకుండ, ఎత్తును బట్టి పోటీలు ఏర్పఱచిరి. నియమమే గురువై నేర్పునట్లు చేసిన యా యుక్తి మెచ్చదగినది. ఒకనిని పదిమారులు కోపించుటకంటె, తప్పు చేయుటకు వీలులేని ఆటను కల్పించుట మేలని బోధకులైన మేమును నేర్చుకొనవలసియున్నది.

లోకములోని క్రొత్త విధానములను గూడ వారు శ్రద్ధతో పరిశీలించెడివారు. 1953వ సంవత్సరమున హంగరీ జట్టు లండనులోని వెంబ్లీ మైదానమున ఇంగ్లండును 6-3 గోళ్లతో ఓడించెను. ఆ ఆటలో హంగరీవారి నడిమి ఫార్వర్డు ముందు నిలువక వెనుకకు జరిగి యాడెను. అతనిని కాచుకొనవలసిన యాంగ్లేయుడు వెంట వచ్చుటయా, తన చోట నిలుచుటయా యని తికమక పడెను. వచ్చెనా వెనుక ఖాళీయగును, రాకుండెనా ఎదిరివాడు స్వేచ్ఛగా నాడును. ఇట్టి మార్పుల మర్మమును రహీము గారు గ్రహించి తమ జట్లలో ప్రవేశపెట్టిరి.

ఇక ఆ మైదానమున నిలిచినవారిని తలచుకొందము. వారిలో నూర్ మహమ్మదు హాఫ్‌బ్యాకు. హాఫ్‌బ్యాకు పని వంటింటిలోని పని వంటిది. విందు మెచ్చుకొనువారు వడ్డించినవానిని చూతురు గాని వండినవానిని చూడరు. ఎదిరివారి దాడిని అడ్డుకొనుటయు, చేజిక్కిన బంతిని ఫార్వర్డులకు అందించుటయు అతని విధి. నూర్ మహమ్మదు 1951లో ఢిల్లీయందు జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరానును 1-0తో గెలిచి స్వర్ణపతకము పొందిన భారతజట్టులో నుండెను. పిమ్మట 1952 హెల్సింకీ ఒలింపిక్సునకును, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సునకును ఎంపికయ్యెను. నగర పోలీసుజట్టు ఆటగాడొకడు రెండు ఒలింపిక్సులకు దేశముపక్షమున పోవుట సామాన్యము కాదు.

సయ్యదు ఖ్వాజా అజీజుద్దీను బ్యాకు, అనగా గోలును కాచువారిలో ఒకడు. ఆయనయు ఆ రెండు ఒలింపిక్సులకు వెళ్లెను. ఫార్వర్డగు మొయినుద్దీను హెల్సింకీ జట్టులో నుండెను. ఆ హెల్సింకీలో మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఘోరముగా ఓడిపోయెను. మనవారిలో పలువురు చలిలో వట్టికాళ్లతో ఆడిరి. ఆ పరాభవము తరువాతనే బూట్లు తొడిగి యాడవలెనను నియమము మన దేశమున వచ్చెను. ఓటమినుండి నేర్చుకొనినవారికి నాలుగేండ్లలో ఫలము దక్కెను. 1956 మెల్‌బోర్న్‌లో రహీము గారి శిక్షణలో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనలు చేరెను. ఆసియాఖండపు జట్టొకటి ఒలింపిక్ ఫుట్‌బాలులో అంతవఱకు పోవుట అదియే ప్రథమము. కడకు మనకు నాలుగవ స్థానము దక్కెను. నూర్ మహమ్మదు, అజీజుద్దీనులతో పాటు పోలీసు జట్టు ఫార్వర్డు జుల్ఫికారుద్దీను గూడ ఆ ప్రయాణమున నుండెను.

తులసీదాసు బలరాము పేరు వేఱుగ చెప్పవలెను. సికింద్రాబాదు చేరువనున్న అమ్ముగూడలో పేదకుటుంబమున పెరిగినవాడు. రహీము గారు ఆయన యాటను చూచి శిక్షణకు రమ్మనిరి. అంతదూరము ప్రతిదినము వచ్చిపోవుటకు చేత డబ్బు లేదని యాయన చెప్పెను. రహీము గారు అద్దె సైకిలు ఖర్చు తామే యిచ్చిరి. ఆ సైకిలు అద్దె మన దేశమునకు గొప్ప ఫార్వర్డును సంపాదించి పెట్టెను. బలరాము మెల్‌బోర్న్ జట్టులో నుండెను. 1960 రోము ఒలింపిక్సులో హంగరీపైనను పెరూపైనను గోళ్లు చేసెను. 1962లో అర్జున పురస్కారము పొందెను. అయితే అప్పటికే కలకత్తా ఈస్టుబెంగాలు జట్టులో చేరి, 1961లో దానికి నాయకుడుగా నుండెను. అనారోగ్యముచేత 1963లోనే, ముప్పదియేండ్లు నిండకమునుపే, ఆట మానవలసివచ్చెను. 2023వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో బెంగాలులోనే కన్నుమూసెను.

యూసుఫ్ ఖాను రోము ఒలింపిక్సునందును, 1962 జకార్తా ఆసియా క్రీడలయందును ఆడినవాడు. 1966లో అర్జున పురస్కారము పొందినవాడు. ఏ స్థానమున నిలిపినను ఆ స్థానమునకు తగినట్లు ఆడగలుగుట ఆయన ప్రత్యేకత. రెండు కాళ్లు సమానముగా ఆడునట్లు నేర్పినవారి శిష్యులలో ఇట్టివారు పుట్టుట వింత కాదు.

జకార్తా పోటీలనాటికే రహీము గారికి ప్రాణాంతకమగు క్యాన్సరు వ్యాధి పట్టుకొనియుండెను. మన జట్టు తొలి యాటలోనే దక్షిణకొరియా చేతిలో 0-2తో ఓడెను. రాజకీయ కారణములచేత అచ్చటి జనులు మనవారిపై ఆగ్రహించి యుండిరి. అట్టి స్థితిలో సెప్టెంబరు 4వ తేదీన, అదే దక్షిణకొరియాను ఫైనలులో 2-1తో ఓడించి స్వర్ణపతకము తెచ్చిరి. గోళ్లు చేసినవారు పి. కె. బెనర్జీ, జర్నైల్ సింగు. మన దేశమునకు ఆసియా క్రీడల ఫుట్‌బాలులో స్వర్ణపతకము మరల రాలేదు. తొమ్మిది నెలలకు, 1963 జూను 11వ తేదీన, రహీము గారు హైదరాబాదునందు పరమపదించిరి.

దీపము ఒక్కసారిగా ఆరిపోలేదు. 1963లో రోవర్సు కప్పు, 1965-66లో ఆంధ్రప్రదేశ్ పక్షమునకు సంతోష్ ట్రోఫీ దక్కినవి. అవి పోసియుంచిన నూనెతో వెలిగిన వెలుగు. తరువాత క్షీణించుటకు కారణములు మూడు కనబడుచున్నవి. మొదటిది, శిక్షణ యంతయు ఒక మనుష్యుని తలలో నుండెను గాని పాఠశాలలలో పాతుకొనలేదు. గురువు పోగానే పద్ధతియు సడలెను. రెండవది, కలకత్తా జట్లు ఎక్కువ ధనమిచ్చి మనవారిని పిలిచికొనెను. బలరాము పోయిన త్రోవనే సయ్యదు నయీముద్దీను, మహమ్మదు హబీబు మున్నగువారు పోయిరి. నయీముద్దీను 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యపతకము గెలిచిన భారతజట్టునకు నాయకుడు. హబీబు 1977లో పేలే యాడిన న్యూయార్కు కాస్మాసు జట్టుపై కలకత్తాలో మోహనబగాను పక్షమున గోలు చేసినవాడు. వారిని తప్పుపట్టరాదు, బ్రతుకుతెరువు వెదకుకొనుట ఎవనికైనను ధర్మమే. కాని వారిని చూచి నేర్చుకొనవలసిన ఇచ్చటి పిల్లలకు వారు కనబడకపోయిరి. మూడవది, నగరము పెరిగి, బాలురు ఆడుకొను ఖాళీస్థలములు ఇండ్లకింద పోయినవి. హైదరాబాదు పేరుగల క్రొత్త జట్టొకటి 2022లో దేశపు సూపర్ లీగును గెలిచెను. సంతోషమే. అయినను అది ధనముతో కూర్చిన జట్టు. పేటలనుండి ఎదిగిన జట్టు కాదు.

రహీము గారి జీవితమును గూర్చి 2024లో హిందీభాషలో ఒక చలనచిత్రము వెలువడెను. దానివలన వారి పేరు కొందఱికి తెలిసెను. శిష్యుల పేర్లు తెలియుటకు చలనచిత్రమొకటి చాలదు. పుస్తకములలో కప్పుల జాబితాలు మిగిలినవి. ఎవడు ఎవనికి బంతి నిచ్చెనో ఎవరును వ్రాసిపెట్టలేదు. చూచినవారు ఒక్కొక్కరుగా గతించుచున్నారు. వ్రాయనిది వారితోనే పోవును. తల్లిదండ్రులలోను, తాతలలోను ఆ దినములలో హైదరాబాదుననో విశాఖపట్నముననో ఆట చూచినవారున్నచో, వారి నోటినుండి విని వ్రాసికొనుట విద్యార్థులకు సెలవులలో చేయదగిన మంచిపని.

ఇట్టిది మన పాఠశాలయందు జరుగరాదని మా కోరిక. ఏటేట మన జట్టు పొరుగు పాఠశాలలతో ఆడుచునే యున్నది. గెలిచిన కప్పు బీరువాలో నుండును, ఆడినవారి పేర్లు రెండేండ్లకు మఱచిపోవుదుము. వ్యాయామోపాధ్యాయులవద్ద ఒక దళసరి పుస్తకముంచి, ప్రతి యాటకు తేది, పదునొకండుగురి పేర్లు, ఎవరెవరు ఏ స్థానమున నిలిచిరో వ్రాయించవలెనని మేము ప్రార్థించుచున్నాము. గోలు చేసినవాని పేరుకెదురుగా, ఆ గోలునకు బంతి నందించినవాని పేరును తప్పక వ్రాయవలెను. ఆ వరుసకు ఎక్కువ ఖర్చు లేదు, ఒక గీత చాలును.